నా కొడుకు వెనక నీళ్ళు పట్టిన మనిషి

నా కొడుకు పోయిన సంగతి నాకు ఎవరూ ఫోన్‌లో చెప్పలేదు. సౌదీలోని జిజాన్‌లో నేను పని చేసే క్లినిక్‌కు వాడి ఫైర్ టీం ఫోర్‌మన్ తనే వచ్చాడు. పాకిస్తాన్ ఆయన, గడ్డం నెరిసిన మనిషి. నేను ఆడవాళ్ళ వార్డు తుడుస్తున్నాను. మగవాళ్ళు లోపలికి రాకూడదు కాబట్టి గడప బయటే నిలబడి, "అమ్మాజీ, పోంఛా రఖ్ దో. బాహర్ ఆవో," అని తుడిచే గుడ్డ పక్కన పెట్టి రమ్మన్నాడు. సగం తుడిచిన గచ్చు వదిలేస్తే మరకలు పడతాయి, సిస్టర్ తిడుతుంది. "దో మినిట్ భాయ్" అన్నాను. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. నా కొడుకు బతికే ఉన్నాడనుకుని ఆ మిగిలిన గచ్చంతా తుడిచాను.

వాడు మంటల్లో పోలేదు. పొద్దున డ్రిల్లు చేసి, తడిసిన పైపులను ఆరబెట్టడానికి ఎండలో పరుస్తూ, ఫైర్ బండి టైరు పక్కన కూర్చుండిపోయాడట. గుండె ఆగిందన్నారు. ముప్పై ఐదేళ్ళు కూడా నిండలేదు.

అప్పటి నుంచి కనిపించిన వాళ్ళంతా "గర్వపడాలమ్మా, ఎంతమందిని కాపాడిండు నీ కొడుకు" అంటున్నారు. వాళ్ళ మంచితనానికి దండం. కానీ నాకు గర్వం రావడం లేదు, సిగ్గు వస్తోంది. ఎందుకో, గల్ఫ్‌లో ఉన్న మన వాళ్ళు చదివే ఈ పుస్తకంలో చెప్పుకుంటాను. చదువు తక్కువదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి.

వాడి అలవాట్లు చెబితే మీరు నవ్వుతారు. ఏ గదికి పోయినా కూర్చునే ముందు తలుపు ఎటు ఉందో చూసేవాడు. శుక్రవారం నన్ను బజారుకు తీసుకుపోతే నేను కూరగాయలు చూసేదాన్ని, వాడు దుకాణం పైన వేలాడే కరెంటు తీగలు చూసేవాడు. "అవ్వా, ఈ దుకాణంల వద్దు, పక్కదాంట్ల కొను" అనేవాడు. అక్కడ టమాటాలు పుచ్చిపోయి ఉండేవి. "నీ తీగెలు మంచిగున్నయ్ గని కూర చెడిపోయిందిరా" అంటే, "చెడిపోయిన కూర తింటె కడుపునొప్పే లేస్తది" అని నవ్వేవాడు.

మేము ఆరుగురం ఆడవాళ్ళం ఉండే గదికి వాడు రాలేడు. గేటు బయట నిలబడే పాఠం చెప్పేవాడు. పడుకునేటప్పుడు గది తలుపు తాళంచెవి తలగడ కింద పెట్టొద్దు, తాళంలోనే ఉంచండి. పొగ కమ్మితే నిలబడి ఉరకొద్దు, కింద పాకండి. మా గదిలోని కేరళ సిస్టర్లు వాడిని ఫైర్ సాబ్ అని పిలిచి ఆట పట్టించేవాళ్ళు. కానీ తాళంచెవి మాత్రం ఇవ్వాళ్టికీ తలుపుకే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా వాడు పని చేసింది రేవు వైపు. వర్క్‌షాపులు, గోదాములు, లేబర్ క్యాంపులు. సర్కారు ఫైర్ స్టేషన్ అక్కడికి దూరం. అందుకని అక్కడి కంపెనీలన్నీ కలిసి సొంతంగా ఒక ఫైర్ బండి, ఎనిమిది మంది టీం పెట్టుకున్నాయి. దాని మంచి చెడ్డలు చూసేది ఒక కమిటీ. కంపెనీల ముదీర్లు, అంటే మేనేజర్లు, నెలకోసారి కూర్చుంటారు. బండికి టైర్లు కావాలన్నా, మనుషులకు బూట్లు కావాలన్నా వాళ్ళు తలూపాలి.

ఆ టీంలో పైపు మూతి పట్టుకుని ముందు నడిచేది నా కొడుకు. వెనక బండి దగ్గర పంపు మీద ఉండేది నా అల్లుడు. సౌదీకి ముందు వచ్చింది అల్లుడే. ఈ టీంలో చేరి, తర్వాత బావమరిదికి వీసా పంపించి, పని నేర్పించి, తన పక్కన పెట్టుకున్నాడు. నా భర్త పోయాక నేను క్లినిక్ వీసా మీద వచ్చింది కూడా వీళ్ళిద్దరూ ఇక్కడ ఉన్నారన్న ధైర్యంతోనే.

ఇద్దరూ కలిస్తే ఒకటే వేళాకోళం. "బావా, మొన్న నీళ్ళిడుసుడు లేటైంది. బీడీ తాగవోయినవా?" అని వీడు. "నువ్వు మంటను సూసి మురుస్తున్నవ్ గదా బామ్మర్దీ, ఇంకింతసేపు సూసుకుంటవని ఆగిన" అని ఆయన. కానీ నాతో ఒంటరిగా ఉన్నప్పుడు నా కొడుకు వేరేలా మాట్లాడేవాడు. "పైపు పట్టినోన్నే అందరు సూస్తరవ్వా. పంపు కాడున్నోడు మనసు పెట్టి నీళ్ళు పంపితెనే వాడు బయటికొస్తడు. బావ ఎనక ఉంటె నేను ఎనకకు మర్ల సూడను."

ఒకసారి రంగుల గోదాము అంటుకుంది. లోపల ఇద్దరు బంగ్లా మనుషులు చిక్కుకుంటే మా వాడు, ఇంకో ఇద్దరు పొగలోకి పోయి బయటికి లాక్కొచ్చారు. కమిటీ వాళ్ళు పెద్ద సభ పెట్టి లోపలికి పోయిన వాళ్ళను స్టేజీ మీదికి పిలిచి షీల్డులు ఇచ్చారు. పంపు మీద ఉన్న మనిషిని పిలవాలని వాళ్ళకు తోచలేదు. మా వాడి చేతికి మైకు ఇచ్చారట. "షుక్రన్" అని థాంక్స్ ఒక్క మాట చెప్పి దిగాడు. ఆ శుక్రవారం నేను అల్లుడిని అడిగాను, "నిన్నెందుకు పిలువలేదు బిడ్డా?" అని. "నా మొఖం ఫొటోల వడితె కెమెరా పలుగుతదని భయపడ్డరత్తా" అన్నాడు. మా వాడు మాత్రం నవ్వలేదు. తల వంచుకుని బూటు లేసు విప్పాడు, మళ్ళీ కట్టాడు.

తర్వాత నితాఖాత్ కష్టాలు వచ్చాయి. కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలి, లేకపోతే కంపెనీ ఎర్ర రంగులోకి పోతుంది, ఇక్కడ ఉండనిచ్చే ఇకామా ఎవరిదీ రెన్యూ కాదు. పైగా బయటి దేశపు మనిషి ఒక్కొక్కరి మీద నెల నెలా కట్టే పన్ను పెరిగింది. మీకందరికీ తెలిసిందే, మన క్యాంపులు ఎట్లా ఖాళీ అయ్యాయో. కమిటీ కూర్చుని ఫైర్ టీంలో ముగ్గురిని ఖురూజ్ మీద, అంటే పని తెంపి, ఇంటికి పంపాలని, ఆ జాగాల్లో సౌదీలను పెట్టాలని తీర్మానం చేసింది. ఎవరెవరిని అన్నది వాళ్ళు చెప్పలేదు. ఫోర్‌మన్ సెలవులో ఉన్నాడు. టీంలో ముందు నడిచేది నువ్వే కదా, నువ్వే చెప్పు అని నా కొడుకును అడిగారు.

వాడు మొదట చెప్పిన పేరు వాళ్ళ బావది.

శుక్రవారం వచ్చి గేటు దగ్గర అరుగు మీద కూర్చుని ఈ సంగతి చెప్పాడు.

"ఏం మనిషివిరా నువ్వు? నిన్ను తెచ్చినోన్ని నువ్వే పంపుతవా? నీ చెల్లె మొఖం ఎట్ల సూస్తవ్?"

"చెల్లె మొఖం సూడలేనవ్వా. గని మావోన్ని ఉంచుకొని ఇంకొకల కొడుకును పంపితె, రేపు మంటలకు పోదామంటె నా ఎనక ఎవడొస్తడు?"

"నీ ఎనక వచ్చేటోడు నీ బావనే గదరా!"

వాడు గేటు కమ్మీ పట్టుకుని లేచాడు. "డ్రైవరు కూడ పంపు నడుపుతడని కమిటోళ్ళన్నరు. కాదని నేననలే" అన్నాడు. అంతకు మించి ఎన్నడూ చెప్పలేదు. వాడు చేసింది న్యాయమా, పిరికితనమా, నాకు ఇప్పటికీ తెలియదు. తల్లిని, రెండు వైపులా తూకం వేసి చూశాను. ఏ వైపు చూసినా నా అల్లుడి జాగా ఖాళీగానే కనిపిస్తుంది.

మన దిక్కు అల్లుడు అత్తగారింటి నుంచి వట్టి చేతులతో పోడు కదా. నాకిక్కడ ఇల్లు లేదు, గేటే నా ఇల్లు. అల్లుడు ప్రయాణమయ్యే రోజు ప్యాంటు షర్టు బట్ట, కుంకుమ పొట్లం పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. పని పోగొట్టింది నా కొడుకు, బట్టలు పెట్టేది నేను. బొట్టు వంకరగా పడింది. ఆయన తిట్టినా బాగుండేది. బట్టలు కళ్ళకద్దుకుని, "మంచిగుండు అత్తా, కాళ్ళనొప్పులకు నూనె రాస్కో" అన్నాడు. మా వాడు రోడ్డు అవతలే నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. అల్లుడే కారెక్కుతూ గట్టిగా కేకేశాడు. "బామ్మర్దీ! పెద్ద వాల్వు కాడ సప్పుడొస్తుంది. గ్రీజు పెట్టుమను!" అంతే, కారు పోయింది. నా కొడుకు ఆ రోడ్డు పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

ఆ తర్వాత, ఊళ్ళో అల్లుడితో ఉన్న నా బిడ్డ వాళ్ళ అన్నతో మాట్లాడలేదు. నేను ఫోన్ చేస్తే మాట్లాడేది, "అన్న ఉన్నడు, ఇస్తున్న" అంటే పెట్టేసేది. వియ్యపురాలు ఫోన్‌లో, "మీ ఇంట్ల మర్యాద గిట్లుంటదని మాకు దెల్వకపాయె వదినె" అంది. ఊఁ అన్నాను.

అట్లా ఉండగానే వాడు పోయాడు. శవం పోయే విమానంలోనే నేనూ పోవాలని తిరిగాను. క్లినిక్ కూడా ఎర్ర రంగులో పడి నా ఇకామా రెన్యూ కాలేదు, అది లేనిదే బయటికి పోయే వీసా కొట్టరట. వాడు ముందు పోయాడు. వాడిని సాగనంపడం నేను ఫోన్‌లో చూశాను.

పెళ్ళి కాని వాడు, తండ్రి లేడు. తలకొరివి ఎవరు పెట్టాలని పాలోళ్ళు, దాయాదులు మాట్లాడుకుంటున్నారు. అల్లుడు ముందుకు వచ్చాడు. ఎవరో ముసలాయన, "అల్లుడు కొరివి వెట్టుడేంది? అండ్ల నీ పొట్ట కొట్టినోడాయె" అన్నాడు. ఫోన్‌లో నాకు స్పష్టంగా వినబడింది. అల్లుడు చొక్కా విప్పి తువ్వాల కట్టుకుంటూ, "వాడు లోపలికి వోయినప్పుడల్ల నేనే బయట నిలవడ్డ. ఇయ్యాల గూడ నేనే ఉంట" అన్నాడు. నా బిడ్డ నేల మీద పడి, మాట్లాడని అన్నను పేరు పెట్టి పిలుస్తోంది. చూడలేక ఫోన్ బోర్లించాను. మా గదిలో సిస్టర్లు నా వీపు నిమిరారు.

నెల దాటాక కమిటీ వాళ్ళు మా వాడి కోసం సంతాప సభ పెట్టారు. యార్డులో ఫైర్ బండి పక్కన రేకుల నీడన కుర్చీలు. నన్ను ముందు వరుసలో పెద్ద ముదీర్ పక్కన కూర్చోబెట్టారు. నేను గచ్చు తుడిచే మనిషిని, ఆయన లేచి నాకు నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. మంచివాళ్ళే. వాడి హెల్మెటు మీద పేరు రాయించి నా ఒళ్ళో పెట్టారు. టీం నిలబడి సెల్యూట్ చేసింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఏమైనా మాట్లాడమన్నారు.

నాకు వచ్చిన హిందీలోనే చెప్పాను. ఫోర్‌మన్ అరబ్బీలో చెప్పాడు. "నా కొడుక్కు చేశారు, దండం. వాడి వెనక నీళ్ళు పట్టిన మనిషి ఒకరున్నారు. వాడు లోపలి నుంచి ఎన్నిసార్లు బయటికి వచ్చాడో, అన్నిసార్లు తెచ్చింది ఆయన. ఆయన్ను మీరు ఎన్నడూ స్టేజీ మీదికి పిలవలేదు. నా కొడుకూ పిలవలేదు. ఆయన పేరు కూడా ఒక్కసారి మైకులో చెప్పండి. ఇది ఒక్కదాన్నే తీసుకుంటే నేను నా బిడ్డ ఇంటి గడప తొక్కలేను."

పెద్ద ముదీర్ పక్కవాళ్ళతో మాట్లాడి, నిదానంగానే చెప్పాడు. ఆయన ఖురూజ్ మీద పోయిన మనిషి, ఇప్పుడు మన టీంలో లేడు. వచ్చే మీటింగులో ఆలోచిస్తాం. నేను తలూపాను. ఇంకేం చేయగలను?

అప్పుడు టీం వరుసలో నుంచి ఒకాయన ముందుకు వచ్చాడు. నా అల్లుడి జాగాలో పెట్టిన సౌదీ ఆయన. నలభై దాటిన మనిషి, అంతకు ముందు చేపల పడవ నడిపేవాడట. నేను అంతవరకు ఆయన ముఖం వైపు చూడలేదు, చూడాలని అనిపించలేదు. ఆయన ముదీర్ల ముందు అరబ్బీలో ఏదో చెప్పి, నా వైపు తిరిగి, వాళ్ళ మాటలో అమ్మను పిలిచినట్టు, వచ్చీరాని హిందీలో, "మామా, నీ కొడుకు నాకు పంపు నేర్పించాడు. ప్రతిదానికీ 'మా బావ ఇట్లా చేసేవాడు' అనేవాడు. అది నా జాగా కాదు, ఆయనది. నేను కూర్చున్నాను, అంతే," అన్నాడు. అని మైకు అందుకుని నా అల్లుడి పేరు పలికాడు. నోరు తిరగక రెండుసార్లు పలికాడు. "ఫోన్ చెయ్యి మామా" అన్నాడు.

చేశాను. వీడియోలో అల్లుడు పెరట్లో ఉన్నాడు, వెనక నా బిడ్డ బట్టలు ఆరేస్తోంది. ఫోన్‌ను బండి వైపు తిప్పాను. సౌదీ ఆయన పంపు స్టార్టు చేశాడు. నా చెయ్యి పట్టుకుని పైపు మీద పెట్టాడు. ఇన్నేళ్ళలో నేను అది ముట్టుకోవడం అదే మొదలు. మెత్తగా పడి ఉన్న పైపు నా అరచేతి కింద ఉబ్బి, గట్టిపడి, ప్రాణం ఉన్నట్టు అదిరింది. మూతి నుంచి నీళ్ళు ఎండలోకి లేచాయి.

అల్లుడు ఫోన్‌ను ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. నా బిడ్డ బట్టలు వదిలేసి వచ్చి ఆయన భుజం మీది నుంచి చూస్తోంది. ఫోర్‌మన్ ఇక చాలన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"ఆపొద్దను అత్తా," అన్నాడు అల్లుడు. "ఇంకింతసేపు నడువనియ్యి."

నేను ఆ మాట హిందీలో చెప్పాను. నీళ్ళు యార్డు అంతా పారి, కుర్చీల కిందికి వచ్చాయి. ముదీర్లు ఒక్కొక్కరే బూట్లు పైకెత్తుకుని కూర్చున్నారు. ఎవ్వరూ ఆపమనలేదు.