రాణికి మన మాట రాదా?

ఆ రోజుల్లో నాకు రెండు తెలుగులు వచ్చేవి. ఒకటి ఇంట్లో మాట్లాడేది, ఇంకొకటి నలుగురిలో గొప్ప కోసం దాచుకున్నది. సూర్యాపేటలో మా చదువంతా ఉర్దూలోనే సాగింది కాబట్టి, ఆ రెండోదాన్ని పురాణం చెప్పే పంతులుగారి దగ్గర విని, ఆయనకు తెలియకుండా పట్టుకొచ్చాను. ఆ బలంతోనే డేరా టాకీసులో ఉద్యోగం దొరికింది. ఊరూరా తిరిగే ఆ డేరాలో ఆడేది నవాబుల కాలం నాటి ఉర్దూ ప్రేమకథ. చూసేవాళ్లకు ఉర్దూ అంతంత మాత్రం. తెర పక్కన నిలబడి, రేకు గొట్టం మూతికి పెట్టుకుని, బొమ్మలో ఎవరేమంటున్నారో తెలుగులో చెప్పడం నా పని.

చెప్పడంలో నాదొక పద్ధతి. రాజకుమారి నోరు తెరిస్తే ‘ప్రాణనాథా, నా విన్నపము ఆలకింపుడు’ అనేవాడిని. కోటలో గిన్నెలు తోముతూ ప్రతిదానికీ తిట్లు తినే దాసి నోరు తెరిస్తే మాత్రం మా మేనత్త మాట పెట్టేవాడిని. ‘ఓ యవ్వా, గిట్లయితే ఎట్ల బతుకుడు’ అనగానే మిర్యాలగూడలో నేల టిక్కెట్ల వాళ్లు దొర్లి దొర్లి నవ్వారు. కోదాడలోనైతే (సరిహద్దు ఊరు కదా, అవతలి కోస్తా వాళ్లూ వచ్చారు) ఇంకోసారి చెప్పమని కేకలు వేశారు. డేరా యజమాని భుజం తట్టాడు. నేనెంత పొంగిపోయానో చెప్పుకుంటే సిగ్గు.

తర్వాత మా సూర్యాపేట. మేనత్త, ఆమె కూతురు, వాళ్ల వాడ ఆడవాళ్లంతా పరదా అవతల ముందు వరుసలో కూర్చున్నారు. ఆ మరదలిని నాకిచ్చే మాట పెద్దల మధ్య నడుస్తోంది (నా వరకైతే ఎప్పుడో ఖాయమైపోయింది). అందుకే ఆ రోజు గొంతు మరింత పెంచాను. దాసి వచ్చింది. అలవాటు కొద్దీ ‘ఓ యవ్వా’ అన్నాను. మగవాళ్ల వైపు నవ్వులు. ఆడవాళ్ల వైపు ఒక్కరూ నవ్వలేదు. అందరూ మా అత్త మొహం వైపు చూశారు.

బొమ్మ వేసే మిషను ఒకటే కాబట్టి రీలు మార్చేటప్పుడు దీపాలు వెలిగేవి. అత్త కూర్చున్న చోటు నుంచే అడిగింది.

“ఏం అల్లుడా, మన లెక్క మాట్లాడెటోళ్లకు ఆ కోటల బాసన్లు తోముడే దొరికిందా? రాణికి మన మాట రాదా?”

“అట్ల కాదత్తా, రాణి అంటే...”

“రాణి సంగతి నాకెందుకు గని, నా బిడ్డ గూడ నా లెక్కనే మాట్లాడ్తది. రేపు దాన్ని సూపిచ్చి గూడ గిట్లనే నలుగుర్ని నవ్విస్తవా? లే బిడ్డా, పోదాం.”

మరదలు లేవలేదు. “కథ ఒడిసినంక పోదామే అమ్మా” అంది. నా వైపు మాత్రం చూడలేదు. ఆ రేకు గొట్టంలోనే దూరి దాక్కుందామనిపించింది.

చివరి రీలులో రాజకుమారి కోట విడిచి తోటమాలి వెంట వెళ్లిపోతుంది. ఈసారి ఆమెకు మన మాటే పెడదామని గట్టిగా అనుకున్నాను. తెర మీద ఆమె పెదవులు కదులుతున్నాయి, నా పెదవులు కదలడం లేదు. పంతులుగారి మాటల్లో ప్రేమ ఎంతైనా చెప్పగలను. మా మాటలో ఎలా చెబుతారో తెలియదు. మా వాడలో ప్రేమను పైకి చెప్పుకున్నవాళ్లను ఒక్కరినీ వినలేదు మరి (తిట్టుకోవడమైతే రోజూ విన్నాను). మగవాళ్ల వైపు ఈలలు మొదలయ్యాయి. యజమాని పళ్లు కొరుకుతున్నాడు.

అప్పుడు పరదా అవతలి నుంచి మరదలి గొంతు వచ్చింది. మెల్లగానే అన్నా డేరా అంతా వినబడింది.

“‘జర ఆగు, నేను గూడ వస్త’ అను బావా.”

అన్నాను. తెర మీద తోటమాలి ఆ మాట విన్నట్టే ఆగి వెనక్కి తిరిగాడు. ఎవరూ నవ్వలేదు. మా అత్త ముక్కు చీదడం మాత్రం వినబడింది.

పెళ్లయి ఇన్నేళ్లయినా, ఏ సినిమాలోనైనా మన మాట పనివాడి నోట వినబడి పక్కవాళ్లు నవ్వితే నా తల దానంతటదే కిందికి వంగుతుంది. నేను బజారుకు బయలుదేరితే మా ఆవిడ లోపలి నుంచి అంటుంది, “జర ఆగు, నేను గూడ వస్త” అని. రాణులు ఎలా మాట్లాడతారో ఆ గొట్టం పట్టుకున్న తెలివితక్కువవాడికి నేర్పింది ఈవిడే కదా అని నవ్వుకుంటూ, చెప్పులేసుకుని గుమ్మంలో ఆగుతాను.