చెంచయ్య ప్రార్థనకి కరువైన ఆమేన్

చెంచయ్య ప్రార్థన మొదలుపెట్టాడంటే మోకాళ్లు తిమ్మిరెక్కాల్సిందే. కందుకూరు పక్క మనిషి, సౌదీలో దమ్మామ్ ఊళ్లో ఓ కంపెనీ క్యాంపుకి వంటమాస్టరు. శుక్రవారం పొద్దున వంటింటి వెనక స్టోరుగదిలో, బియ్యం బస్తాల మధ్య ఇరవైమంది తెలుగువాళ్లు చేరేవాళ్లు. అదే వాళ్ల గుడి. చప్పుడు బయటికి పోతే కొంప మునుగుతుంది కాబట్టి పాటలు కూడా గుసగుసల్లోనే. తలుపు దగ్గర వాచ్‌మన్ గులాం మొహిద్దీన్, కడప మనిషి. "గొంతు తగ్గించండప్పా, నా ఉద్యోగం ఊడబెరుకుతారా ఏంది" అని వారం వారం మొత్తుకునేవాడు.

ఆ గుడి గల్ఫ్ యుద్ధంలో పుట్టింది. తొంభై ఒకటిలో సైరన్ మోగినప్పుడల్లా అందరూ ఆ గదిలో దూరేవాళ్లు. చెంచయ్య వణుకుతూ ప్రార్థిస్తే ఇరవై గొంతులూ ఒక్కసారే ఆమేన్ అనేవి. నెత్తిన స్కడ్ క్షిపణి పడేట్టుంటే ఎవడిది ఏ పార్టీ అని ఎవడడుగుతాడు!

యుద్ధం ఆగింది. తొంభై నాలుగులో ఎన్నికలొచ్చాయి. ఇక చూస్కోండి నా సామిరంగా! చెంచయ్యకి సైకిలంటే పిచ్చి. ప్లంబర్ జకరయ్యది కావలి, వరసకి బావ, చెయ్యి గుర్తంటే ప్రాణమిస్తాడు. బయట కొట్టుకు చచ్చినా పోయేది. ప్రార్థనలో ఒక సుఖముంది చూశారూ, కళ్లు మూసుకుని దేవుడితో మాట్లాడేవాణ్ణి ఎవడూ అడ్డుకోకూడదు. అది కనిపెట్టింది మన చెంచయ్యే, దొంగసచ్చినోడు. "ప్రభువా, రెండు రూపాయలకి కిలో బియ్యమిచ్చే పార్టీని గద్దెనెక్కించు తండ్రీ" అని ఎత్తుకున్నాడు. చెయ్యి వాళ్లు పదిమందీ నోళ్లు బిగించారు. ఆమేన్ లేదు.

పై వారం జకరయ్య, "ప్రభువా, ఆ సైకిలు టైర్లు రెండూ పంచరు కొట్టు" అని వేడుకున్నాడు. సైకిలు వాళ్లు కిక్కురుమనలేదు. చివరికి ఒకడికి జ్వరమొచ్చిందన్నా, వాడిది ఏ పార్టీయో చూసి ఆమేన్ అనేదాకా వచ్చింది యవ్వారం. చెంచయ్యకి మాత్రం మహా సరదాగా ఉండేది.

డిసెంబరులో ఓ శుక్రవారం, సరిగ్గా ప్రార్థనకి ముందు, ఒంగోలు నించి ఫోనొచ్చింది. పదకొండేళ్ల ఎదురుచూపు తర్వాత, మొన్న మార్చి సెలవు పుణ్యాన, చెంచయ్య పెళ్లాం ప్రేమలత కడుపుతో ఉంది. బిడ్డ అడ్డం తిరిగిందట, ఇప్పుడే ఆపరేషన్‌కి తీసుకుపోతున్నారట. ఇద్దరికీ గండమే అన్నారట డాక్టర్లు.

చెంచయ్య వచ్చి మోకాళ్లమీద కూలబడ్డాడు. "ప్రభువా, ప్రేమలతకి ఆపరేషను... బిడ్డ..." అన్నాడు. అంతే, ప్రార్థన అక్కడే తెగిపోయింది. కళ్లు తెరవాలంటే భయమేసింది. ఎవరంటారు ఆమేన్? చేసుకున్నోడికి చేసుకున్నంత. నిన్నటిదాకా జ్వరాలకి పార్టీలు చూసింది నువ్వు కాదంట్రా చెంచయ్యా, అనుకుని ఏడ్చాడు.

"ఆమేన్!"

జకరయ్య! అరుపంటే అరుపా అది, నూనె డబ్బాలు గల్లుమన్నాయి. "ప్రేమలత నాకు చెల్లెలు కాదంట్రా? అనండ్రా అందరూ!" అన్నాడు. ఇరవైమందీ అన్నారు. మళ్లీ అన్నారు. యుద్ధంలో కూడా అంత గట్టిగా అన్లేదు.

తలుపు తోసుకుని మొహిద్దీన్ పరిగెత్తుకొచ్చాడు. "చంపినారు కదప్పా! గేటు దాకా ఇనపడతాంది. ఏమైంది?" అన్నాడు. జకరయ్య చెప్పాడు. మొహిద్దీన్ అక్కడే నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. "అల్లా తల్లినీ బిడ్డనీ సల్లంగ సూడనీ. ఆమీన్" అని, మొహం తడుముకున్నాడు. "ఇంగోసారి అనండి. గేటు కాడ నేను సూసుకుంటా."

మధ్యాహ్నానికి కబురొచ్చింది. ఆడపిల్ల. తల్లికి స్పృహ వచ్చింది. చెంచయ్య గరిటె పట్టుకుని క్యాంపంతా గెంతాడు.

పై శుక్రవారం కృతజ్ఞతా ప్రార్థన. ఈలోగా ఓట్ల లెక్క తేలింది, సైకిలు దుమ్ము లేపింది. జకరయ్య పళ్లు బిగించుకుని సిద్ధంగా కూర్చున్నాడు.

"ప్రభువా, తల్లీ బిడ్డా క్షేమం. నీకు స్తోత్రం" అని ఆగాడు చెంచయ్య. నాలుక దురద. మొహం కందగడ్డయింది. "ఆమేన్!" అని తనే గబుక్కున అనేశాడు.

గదంతా ఆమేన్ అంది. జకరయ్య నవ్వాపుకోలేక, "ఇంతేనా?" అన్నాడు.

"మిగతాది బయటికొచ్చాక చెప్తా బావా" అన్నాడు చెంచయ్య, కళ్లు తెరవకుండానే.