మంచు బూట్లు, రైలు గొలుసు

మా ఇంట్లో విమానం ఎక్కినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ ఆఫీసు పని మీద ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారితో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా లైనంతటికీ విమానాల పండితుణ్ణయిపోయాను. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం.

అందుకే తొంభైల్లో మా తమ్ముడికి మంచు మీద జారే పోటీల ఎంపికకి పిలుపొస్తే, సలహాకి నా దగ్గరికే వచ్చాడు. వాడు కాలేజీ క్యాంపుకని మనాలీ వెళ్ళి ఆ స్కీయింగ్ పిచ్చి అంటించుకొచ్చాడు. టెలిగ్రాం ఆలస్యంగా చేరింది, రైల్లో వెళితే అందదు. బుద్ధెరిగాక రైల్వే పాసు మీద తప్ప ప్రయాణం చేయని నాన్న, రాయపూర్ నుంచి ఢిల్లీకి వాడికి విమానం టికెట్ కొన్నాడు. నాకు సైకిల్ కొనడానికి మూడేళ్ళు ఆలోచించిన మనిషి.

వాడివి ఏనుగు పాదాలు. క్యాంపులో ఇచ్చే బూట్లేవీ పట్టవని, ఎవరో వాడేసిన జత సంపాదించుకున్నాడు. గట్టి ప్లాస్టిక్, ఇనప బకిల్స్, ఒక్కోటి మా అమ్మ రుబ్బురోలు పొత్రమంత బరువు. అవి లేకపోతే వాడికి ఎంపికే లేదు.

"అన్నయ్యా, వీటిని ఏటి చెయ్యాలి? లగేజీలో వేసీమంటావా?" అన్నాడు.

రైల్వే వాళ్ళ ఇళ్ళలో పిల్లలకి అక్షరాలకన్నా ముందు ఒక పాఠం వస్తుంది. సామాను కళ్ళెదుటే ఉండాలి, సీటు కింద గొలుసు వేసి తాళం పెట్టాలి. ఆ పాఠాన్నే వాడి మీద ప్రయోగించాను.

"ఇంకొకడి చేతికిస్తే మరి నీ చేతికి రావు. నీ దగ్గరే ఉంచుకో. గొలుసు కూడా పట్టుకెళ్ళు, సీటు కింద కొక్కెం ఉంటాది."

"అచ్ఛా" అని, వాడు తాళానికి నూనె వేసుకున్నాడు.

విమానంలో కొక్కెం ఉండదని నాకు తెలుసు. నా ప్రయాణంలో ఒకాయన ఇనప పనిముట్లు చేతి సంచిలో తెచ్చి తనిఖీ దగ్గర ఆగిపోవడం కళ్ళారా చూశాను. అయినా చెప్పలేదు. వాడు మంచులో నిలబడ్డ ఫొటోని నాన్న తను పనిచేసే రైలింజన్ల షెడ్డుకి పట్టుకెళ్ళి అందరికీ చూపించాడు. నా ఫొటో ఎన్నడూ క్వార్టర్ గేటు దాటలేదు. దీన్ని ఈర్ష్య అంటారు, వేరే పేరు వెతకను.

రాయపూర్ దాకా వాణ్ణి నేనే తీసుకెళ్ళాను. కౌంటర్‌లో అమ్మాయి, ఆ బూట్ల సంచి కూడా ఇచ్చేస్తారా అని హిందీలో అడిగింది. వాడు వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

తనిఖీ దగ్గర ముందు గొలుసు బయటికి తీశారు, తర్వాత బూట్లు. పై అరలోంచి జారి ఎవరి నెత్తినైనా పడితే బుర్ర పగులుతుందన్నారు. సామానులో వేసి రమ్మన్నారు. అప్పటికి కౌంటర్ మూసేశారు. బూట్లు వదిలేసి ఎక్కు, లేదా ఆగిపో అన్నారు. వాడు అద్దాల గోడలోంచి నన్ను వెతికాడు. నేను చాలా శ్రద్ధగా టీ తాగుతున్నాను.

విమానం వెళ్ళిపోయింది. మర్నాటి దాంట్లో వెళితే ఎంపిక అయిపోతుంది. తమ్ముడు బూట్లు చంకన పెట్టుకుని బయటికొచ్చాడు. తిరుగు రైల్లో వాటిని సీటు కింద పెట్టి, గొలుసు వేసి, తాళం రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

కాలనీలో వాడి పేరు గొలుసుగాడైంది. గోల్ బజార్‌లో చెప్పులు కొనుక్కుంటున్నా "గొలుసు తెచ్చినావేటి?" అని అడిగేవారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. వాడు మళ్ళీ మంచు మొహం చూడలేదు, షెడ్డులో పనికి చేరాడు.

ఒకరోజు భోజనాల దగ్గర నాన్న నన్ను నిలదీశాడు. "విమానం ఎక్కినోడివి కదా, నీకైనా తెలీదేటిరా?"

నేను నోరు తెరిచేలోపే తమ్ముడు అందుకున్నాడు.

"అన్నయ్యనేటంటావు నాన్నా. పాపం, ఒక్కసారే కదా ఎక్కాడు. అన్నయ్యకి మాత్రం ఏటి తెలుస్తాది?"

నేను అవునన్నట్టు తలూపి, ఇంకాస్త పులుసు వెయ్యమన్నాను అమ్మని.