పద్దెనిమిది రోజుల మిరప కోత

కాలేజీలో చేరిన మొదటి రోజు నిబంధనల పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. నేను చదవలేదు. ఎవరు చదువుతారు గనక! అమ్మ మాత్రం దాన్ని బీరువాలో తన పట్టుచీర కింద దాచి, అప్పుడే పట్టా వచ్చేసినంత మురిసిపోయింది.

రెండో ఏడాది మిరప కోతలప్పుడు అమ్మ కల్లంలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మా ఊళ్లో కోతలకు బదులు నడుస్తుంది. వాళ్లు మన చేలో ఎన్ని రోజులు కోస్తే మనం వాళ్ల చేలో అన్ని రోజులు కోయాలి. మా చేను అప్పటికే అయిపోయింది, అమ్మ తిరిగి వెళ్లాల్సిన రోజులు పద్దెనిమిది మిగిలాయి. బదులు ఎగ్గొడితే పై ఏడు మా చేలోకి ఒక్కరూ దిగరు. కోతకు ఆడమనిషే పోవాలి కాబట్టి నాన్న నాకు ఫోన్ చేశాడు. వెళ్లాను.

డెబ్బై అయిదు శాతం హాజరు ఉండాలని నాకు తెలుసు. అది ఏడాది మొత్తానికీ అనుకున్నాను. మిగతా నెలల్లో ఒక్క క్లాసూ మానకపోతే సరిపోతుందని ధీమా. ఏ సెమిస్టరుకి ఆ సెమిస్టరే లెక్కని నోటీసు బోర్డు చూశాక తెలిసింది. సంక్రాంతికి మానిన రోజులూ కలిసి నా నంబరు ఎదురుగా అరవై ఎనిమిది అని ఉంది. తిన్నగా ఆఫీసుకి పరిగెత్తాను.

ఆఫీసులో గుమస్తా మంచాయనే. "అరవై అయిదు దాటావు కాబట్టి దారుందమ్మా. డాక్టరు సర్టిఫికెట్ పట్రా. జబ్బు నీదై ఉండాలి, మీ అమ్మది పనికిరాదు" అన్నాడు.

మా ఊరి డాక్టరు టైఫాయిడ్ అని రాసివ్వడానికి ఒప్పుకున్నాడు. అమ్మే ఒప్పుకోలేదు. "పెళ్లి కావాల్సిన పిల్లకి జబ్బని కాగితం రాయిస్తారా? రేపు ఏ సంబంధం వాళ్ల చేతిలోనో పడితే?" అని కట్టు కట్టిన చేత్తోనే నెత్తి కొట్టుకుంది. నాన్న, "అబద్ధం దేనికి? ఉన్నదున్నట్టు నేను చెబుతా" అన్నాడు. నిజం చెబితే వింటారనే నేనూ అనుకున్నాను, వెర్రిదాన్ని.

నాన్న ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. ఉత్తరం తనే రాశాడు, పంచాయతీ ముద్ర కూడా వేయించాడు. ఆఫీసు బయటి గదిలో ఇస్తే, మా గుమస్తా చూసేలోపే దానికి నంబరు వేసి ఫైల్లో పెట్టేశారు. మా గుమస్తా అది చదివి తల పట్టుకున్నాడు.

"కోతలకు నేనే పిలిపించుకున్నాను అని రాసిచ్చారేంటండీ! ఇక సర్టిఫికెట్ తెచ్చినా తీసుకోరు."

"పనికెళ్లడం తప్పాండీ?" అన్నాడు నాన్న. ఆయన ఫైలు మూసి బీరువాలో పెట్టేశాడు. బస్సులో ఊరొచ్చేదాకా నాన్న నన్నూ అదే అడిగాడు. నాకు ఆయన మీద పట్టలేనంత కోపం వచ్చింది. ఆ చొక్కా చూస్తే ఏడుపూ వచ్చింది.

పరీక్షలు రాయనివ్వలేదు. అదే సెమిస్టరు మళ్లీ వచ్చేదాకా ఇంట్లో కూర్చోవాలట. కూర్చోలేదు, ఆలోగా వరి కోతలకు వెళ్లాను. నాతో చదివినవాళ్లు మూడో ఏడాదిలోకి వెళ్లిపోయి, ఫోన్లు తగ్గించి, తర్వాత మానేశారు.

మళ్లీ చేరే రోజున ఇంగ్లీషులో ఫారం ఇచ్చారు. ఏడాది ఎందుకు పోయిందో రాయాలి. అదే గుమస్తా గొంతు తగ్గించి, "అనారోగ్యం అని రాయమ్మా, లేకపోతే పైన సంతకం పడదు. పాత ఫైలు ఎవరూ తీయరు" అన్నాడు.

రాశాను. కింద తండ్రి సంతకం కావాలి. నాన్న కళ్లజోడు సర్దుకుని ఇంగ్లీషు అక్షరాల వంక చూశాడు.

"ఏం రాశావమ్మా?"

"కోతలకు వెళ్లాననే రాశాను నాన్నా."

"అదీ!" అన్నాడు. ఎన్నాళ్లకో ఆయన మొహం విప్పారింది. నా జబ్బు కింద, ఒక్కో అక్షరం శ్రద్ధగా దిద్దుతూ, సంతకం పెట్టాడు.