నా మోచేతికి అవ్వ చేసిన కసరత్తు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో, మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్న ఆ రోజుల్లో, వైద్యం అంటే ఎవరో ఒకరు మన ఒంటికి ఏదో ఒకటి చెయ్యాలి. సూదైనా పొడవాలి, కషాయమైనా తాగించాలి, కనీసం వేపమండలతోనైనా కొట్టాలి. ఊరికే స్టూలు మీద కూర్చున్న మనిషిని వైద్యుడని నమ్మమంటే ఎట్లా నమ్ముతాం? అందులోనూ మా నాయన పుట్టు అనుమానపు పక్షి. సంతలో బెండకాయ కొన్నా ముక్కు తుంచి చూసి గానీ సంచిలో వేసేవాడు కాదు. నేను ఆయన కొడుకునే కదా!

నాకప్పుడు ఇరవై ఏళ్లు. పలకల గనిలో రాయి చీల్చే పనికి కొత్తగా చేరి, ఒకరోజు కాలు జారి పడి కుడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాను. కట్టు కట్టే ఆయన వెదురుబద్దలు పెట్టి బిగించాడు. నలభై రోజులకు విప్పితే ఎముక అతుక్కుంది గానీ మోచెయ్యి కొయ్యబారిపోయింది. ఎంత తంటాలు పడినా చెయ్యి నోటిదాకా రాదు. ఎడమచేత్తో తింటానంటే మా ఇంట్లో ఒప్పుకోరు. దాంతో మీసాలొచ్చిన నాకు అవ్వే (మా నాయన తల్లి, అమ్మ పోయాక నన్ను సాకింది ఆవిడే) మూడు పూటలా సంగటి ముద్దలు చేసి నోట్లో పెట్టేది. గనిలో తోటివాళ్లు దారిలో కనబడితే "ఉగ్గు తాగినావా?" అని పలకరించేవాళ్లు. పైకి నవ్వేవాణ్ణి గానీ, చెయ్యి ఇట్లాగే ఉండిపోతే నా బతుకేమిటని లోపల ఏడుపొచ్చేది.

ఆసుపత్రిలో డాక్టరు నన్ను, వారానికోసారి రైలు దిగి వచ్చే 'కసరత్తు సారు' దగ్గరికి పంపాడు. ఆ పేరు విని పహిల్వాను ఉంటాడనుకుని వెళ్తే, సన్నగా కళ్లజోడు పెట్టుకున్న మనిషి. నా చెయ్యి అటూ ఇటూ చూసి, "నూనె పోసి గుంజొద్దు. బలవంతంగా వంచొద్దు. బల్ల మీద చెయ్యి పెట్టి నీ అంతట నువ్వే పదిసార్లు వంచు. భుజం కూడా బిగుస్తావుంది, గోడకు వేళ్లానించి పదిసార్లు పైకి పాకించు. రోజుకు మూడు పూటలు" అన్నాడు.

"మందేంది సారూ?" అన్నాడు నాయన.

"మందేం లేదు."

"మరి మీరు చేసేదేంది?"

"చేసేది మీవాడే."

నాయన నన్ను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. "చూసినావా? మంగలి దగ్గరికి పోతే కత్తి మన చేతికిచ్చి, నువ్వే గీసుకోమన్నట్ల ఉంది. వీడికి పనే రాదు."

ఇంటికొచ్చి ఒకసారి వంచి చూశాను. ప్రాణం పోయింది. కెవ్వుమన్నాను. అవ్వ పరుగెత్తుకొచ్చి, "నువ్వు పడుకో అబ్బయ్యా, నీ బదులు నేను చేస్తాలే" అంది. (నవ్వకండి. నాకు జ్వరమొస్తే ఒక్కపొద్దు ఆవిడే ఉండేది. నేను మొక్కిన ప్రదక్షిణలూ ఆవిడే తిరిగేది. దేవుడు ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు.) ఇక నేను మంచం మీద పడుకుని అంకెలు చెప్పడం, అవ్వ పళ్లు బిగించి గోడ మీద వేళ్లు పాకించడం. మూడు పూటలూ, ఒక్కటి తప్పలేదు.

మళ్లీ వారం అవ్వ కూడా మా వెంట ఆసుపత్రికి వచ్చింది. సారు నా చెయ్యి పట్టుకు చూస్తే వెంట్రుకవాసి మార్పు లేదు. కళ్లజోడు పైనుంచి నన్ను అనుమానంగా చూశాడు. "చేసినావా?"

నేను అవ్వ వైపు చూశాను. అవ్వే అందుకుంది. "చేసినాం సారూ. లెక్క తప్పలేదు, ఒట్టు."

"నేను చెప్తిని గదా, ఇది ఉత్త దొంగ వైద్యమని!" అన్నాడు నాయన.

"ఎట్ల చేసినారో చూపించవ్వా" అన్నాడు సారు.

అవ్వ కొంగు బిగించి గోడ దగ్గరికి నడిచింది. వేళ్లు పురుగులా పాకుతూ భుజం దాటాయి, తల దాటాయి. నాయన నోరు తెరిచాడు. ఎందుకంటే భుజం పట్టేసి, అవ్వ కుడిచెయ్యి తలదాకా లేచి ఏడాదైంది. ఆవిడ కొప్పు పక్కింటి పిన్నమ్మే ముడిచేది.

"మ్మా! నీ చెయ్యి లేస్తా ఉండాదే!"

సారు అంతా అర్థమై, కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు. "అవ్వా, నువ్వు తింటే వీడి కడుపు నిండుతుందా?"

"వాడు తింటే నాకు నిండడంలా?" అంది అవ్వ.

సారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. నా వైపు తిరిగి, "కదలకుండా కట్టేసిన కీలు పట్టేస్తుందిరా. రోజూ నువ్వే కొంచెం కొంచెం కదిలిస్తే వదులవుతుంది. ఆమెకు వదులైంది చూసినావు గదా. నొప్పి ఎక్కువైతే ఆపు, మానొద్దు మాత్రం" అన్నాడు. నాయన ఆ గోడను కూడా ఒకసారి తట్టి చూశాడు, లోపల ఏమన్నా మర్మం ఉందేమోనని.

సిగ్గుతో ఆ పూటనుంచే మొదలుపెట్టాను. ఏడ్చాను, తిట్టాను, చేశాను. చెయ్యి రొమ్ముదాకా వచ్చింది, గడ్డందాకా వచ్చింది. రెండో నెలలో ఒక మధ్యాహ్నం సంగటి ముద్ద నా చేత్తోనే నోటికందింది. నాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయాడు. నేను గబగబా తింటున్నాను, గెలిచిన పొగరుతో.

తలెత్తి చూస్తే ఎదురుగా అవ్వ. నేను ముద్ద ఎత్తినప్పుడల్లా ఆవిడ నోరు తనకు తెలియకుండానే తెరుచుకుంటోంది, చేతులు మాత్రం ఒళ్లో ఖాళీగా ఉన్నాయి. ఎవరైనా చూస్తే నవ్వుతారని సిగ్గేసి, నేను అటు తిరిగి కూర్చుని తిన్నాను. ఇప్పుడు నాది ఆవిడ వయసు. ఆనాటి ఆ మీసాలవాడు కనబడితే, చెవి మెలేసి ఇటు తిప్పి, ఒక్క ముద్ద అవ్వ నోట్లో పెట్టరా వెధవా అని చెబుతాను.