సగం బాబాయి వీడియో దుకాణం

సగం బాబాయి తన వీడియో దుకాణంలో ఆ అంతరిక్ష సినిమాను ఏ ఒక్కరికీ పూర్తిగా ఇచ్చిన పాపాన పోలేదు. జనం థియేటర్ల ముందు తోసుకుని, చొక్కాలు చింపుకుని చూసిన సినిమా అది. మూడున్నర గంటలు. ఇంట్లో చూసుకునేందుకు వచ్చినప్పుడు ఒక్క క్యాసెట్టు చాలక రెండింటిలో వచ్చింది. బాబాయి మొదటిది ఒకరికీ, రెండోది ఇంకొకరికీ ఇచ్చి, మీరూ మీరూ మార్చుకోండి అనేవాడు. అందుకే ఆయనకా పేరు. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో.

“రెండూ నాకే ఇస్తే నీ సొమ్మేం పోతుంది బాబాయ్?” అని బస్సు డ్రైవరు ఒకసారి గట్టిగా నిలదీశాడు.

“ఉన్నది ఒక్క సెట్టే నాయనా. అయినా మూడున్నర గంటలు ఏకబిగిన అంతరిక్షంలో ఉంటే ఊపిరాడుతుందా?”

ఈ డ్రైవరు అంతకుముందు నెలలో పళ్ళ డాక్టరు కుర్చీలోంచి లేచి పారిపోయిన మనిషి. రెండో క్యాసెట్టు సరిగ్గా ఆ డాక్టరు దగ్గరే ఉంది. డ్రైవరు దానికోసం వెళ్ళి, పన్ను పీకించుకుని, బుగ్గలో దూదితో తిరిగొచ్చాడు. ముసలాయనకు ఎవరికేం ఇస్తున్నాడో తెలియదని వీధంతా తీర్మానించింది.

తర్వాత డిస్కులు వచ్చాయి. సినిమా మొత్తం ఒక్క బిళ్ళలోనే పట్టిందని తెలిసి జనం సంబరపడ్డారు. బాబాయి ఆ బిళ్ళను కంపెనీకి తిప్పి పంపాడు. ‘ఇంత విశ్వాన్ని ఒక్క బిళ్ళలో కుక్కడానికి మీకు చేతులెలా వచ్చాయి?’ అని ఉత్తరం కూడా జతచేశాడు. త్రీడీలో వచ్చినప్పుడు డిస్కు బ్యాంకు గుమాస్తాకూ, దాన్ని చూసే కళ్ళజోళ్ళు ఆయనతో పడని పోస్ట్‌మ్యాన్‌కూ ఇచ్చాడు. పాపం, ఇద్దరూ ఒకే సోఫాలో సర్దుకోవాల్సి వచ్చింది.

ఎదురు మేడ పైవాటాలో బట్టలు కుట్టే టైలరమ్మ మాత్రం ఈ గొడవలో తల దూర్చలేదు. ఇనప డబ్బాలు గాల్లో ఎగిరే సినిమా తనకెందుకు అనేది. ఆవిడకు ఉన్న గొడవ ఆవిడకు చాలు. కింది వాటాలో సొంత అక్క ఉంటోంది. పన్నెండేళ్ళ కిందట అక్క కూతురికి గౌను కుడితే బిగుతైంది. మిగిలిన గుడ్డ చెల్లెలే నొక్కేసిందని అక్క నలుగురిలో అనేసింది. ఆనాటి నుంచి మాటల్లేవు. మెట్లమీద ఎదురైతే ఇద్దరూ గోడకేసి చూస్తారు.

ఈమధ్య, తీసేసిన సీన్లన్నీ కలిపి సినిమాను మళ్ళీ రెండు డిస్కుల్లో వదిలారు. బాబాయి ముఖం చాటంత అయింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళంతా దాని గురించే మాట్లాడుతుంటే టైలరమ్మ మనసు లాగింది. మొదటి డిస్కు తెచ్చుకుంది. చివర్లో కెప్టెన్ ఓడకు నిప్పంటుకుంది. గాలి ఏడు నిమిషాలకే ఉంది. తలుపు తెరుచుకోవడం లేదు. అక్కడితో డిస్కు అయిపోయింది.

పరుగున దుకాణానికి వెళ్ళింది. “రెండోది ఎవరి దగ్గరుంది?”

“మీ అక్క దగ్గర.”

“ఇంకో సెట్టు?”

“ఈ భూమ్మీద లేదు తల్లీ.”

చస్తే అక్క గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. నాలుగు రోజులు కెప్టెన్‌కు ఊపిరాడలేదు, ఈవిడకు నిద్ర పట్టలేదు. ఒక చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపు కుట్టేసింది. ఐదో రోజు బాబాయిని దులిపేద్దామని వెళితే, ఆయన దుకాణం బార్లా తెరిచి గడ్డం గీయించుకోవడానికి పోయాడు. టైలరమ్మ కౌంటరు వెనక అలమర తీసింది.

ఆరు సెట్లు! రెండేసి డిస్కులతో, పైకాగితం కూడా విప్పకుండా!

ఒళ్ళు మండిపోయింది. ఒకటి లాక్కుంది. అప్పుడు కనబడింది, తలుపు లోపల అంటించిన కాగితం. ‘డ్రైవరు – పళ్ళ డాక్టరు’, పక్కన టిక్కు. ‘గుమాస్తా – పోస్ట్‌మ్యాన్’, టిక్కు. ఇలా పాతిక జతలున్నాయి. అన్నిటికన్నా పైన, సిరా వెలిసిపోయి, ‘పైవాటా చెల్లెలు – కింది వాటా అక్క’. దానికి మాత్రం టిక్కు లేదు.

టైలరమ్మకు ఇంకా కోపం రావాలి. రాలేదు సరికదా, ముసలాయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. సెట్టు యథాస్థానంలో పెట్టి, నేరుగా వెళ్ళి అక్క తలుపు కొట్టింది.

“కెప్టెన్ బతికాడా?”

అక్క గుమ్మంలో నిలబడి గుర్రుగా చూసింది. “ముందు అతను ఆ ఓడెందుకు ఎక్కాడో చెప్పవే! రెండోది ఇచ్చి పోయాడు ఆ మహానుభావుడు. మూడుసార్లు చూశాను, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మొదటిది తెచ్చావా?”

“పైనుంది. తెస్తాను.”

“ఆగు.” అక్క చూపు గోడమీదికి పోయి, ఎందుకో తిరిగొచ్చింది. “ఆ గౌను... పిల్ల లావైందే. నీ కుట్టు బాగానే ఉంది.”

“ఇది చెప్పడానికి పన్నెండేళ్ళా?”

“నువ్వు అడిగితేగా!”

మర్నాడు టైలరమ్మ రెండు డిస్కులూ కలిపి తెచ్చి కౌంటరు మీద పెట్టింది. బాబాయి వాటిని చూశాడు, ఆవిడను చూశాడు. జేబులు తడుముకున్నాడు, సొరుగు లాగాడు, కౌంటరు కిందికి వంగాడు.

టైలరమ్మ చెవిమీది పెన్సిలు తీసి ఆయన చేతిలో పెట్టింది.

“ఇదెందుకమ్మా?”

“ఏమో బాబాయ్, ఏదో వెతుకుతున్నావుగా,” అని వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.