అమ్మగారి పిడికెడు

మా గుడిలో ఒక అలవాటు ఉంది. చర్చిని మేం గుడి అనే అంటాం. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తుంది. వారమంతా పోగైన ఆ బియ్యాన్ని ఆదివారం గుడ్డలో మూటగట్టి తెచ్చి గుడిలో ప్రభువు బల్ల ముందున్న గంపలో పోస్తుంది. పాస్టరయ్యగారి ఇంటికి అదే తిండి. ఒకరివి సన్నబియ్యం, ఒకరివి రేషన్ బియ్యం, ఒకరివి నిరుటి పాతవి, మా వీధి చివర ముసలమ్మవి కొర్రలు. అన్నీ ఒకే గంపలో పడతాయి.

ఆ గంప బియ్యాన్ని సరిగ్గా ఉడికించడం తెలిసిన మనిషి అయ్యగారి భార్య ఒక్కరే. ఊరంతా ఆమెను అమ్మగారనే పిలిచేది. పెళ్ళయిన కొత్తలో కమలాపురం పక్కనున్న మా పల్లెకు వచ్చి, ఇక్కడే తల నెరిశారు. "మీ ఊరోళ్ళు ఎట్లాంటోళ్ళో బియ్యమే చెప్తాది పాపా," అనేవారు నాతో. "కొందరు తొందరగా మెత్తబడతారు. కొందరు ఎంత మంట పెట్టినా ఉడకరు."

పోయిన ఎండాకాలం అయ్యగారు చనిపోయారు. గుడి వెనకే, చింతచెట్టు పక్కన సమాధి చేశాం. కొత్త అయ్యగారు రావడానికి నెలలు పట్టింది. అంతవరకూ ఆదివారాలు మేమే నడుపుకున్నాం. అమ్మగారు పాట ఎత్తుకునేవారు, నేను వాక్యం చదివేదాన్ని. గంప బియ్యం ఎప్పటిలాగే ఆమె ఇంటికే వెళ్ళేది. బియ్యం పోసిన ప్రతి ఆడమనిషీ, మొదటి వరసలో చాప మీద కూర్చున్న ఆమె ముందు ఆగి, "వందనాలమ్మా" అని చెప్పి పోయేది. అదీ ఎప్పటిదే.

క్రిస్మస్ అయ్యాక కొత్త అయ్యగారు వస్తున్నట్టు కబురొచ్చింది. ఇల్లు ఖాళీ చేయమని అమ్మగారికి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆమే ఒకరోజు సంఘ పెద్దను పిలిపించి, "ఇంటికి సున్నం ఎప్పుడు కొట్టిస్తాండావప్పా? వంటింట్లో పొగ శానా పట్టింది, రెండు పూతలు వెయ్యించు," అన్నారు.

ఆమెకు పిల్లలు లేరు. నంద్యాలలో తమ్ముడున్నాడు. ఆమె కోరుకున్నది ఒకటే, అదీ నాతోనే చెప్పుకున్నారు. గుడిని ఆనుకుని చాపలూ, మేళానికి కొట్టే పలకలూ పెట్టుకునే చిన్న గది ఉంది.

"ఆ గదిచ్చినా చాలు పాపా. ఆయన ఈడుండాడు. నేను యాడికి పోయేది?"

సంఘ పెద్దతో ఆ మాట చెప్పాను. ఆయనేం రాతిమనిషి కాదు. అయ్యగారి శవపెట్టెను ముందు భుజం పట్టి మోసినవాడు. "గదిచ్చేది పెద్ద పని కాదు," అన్నాడు. "ఒక గుడికి ఇద్దరు అమ్మగార్లుంటే ఆ వచ్చే తల్లి గతేం? వాళ్ళొచ్చే ఆదివారం కానీ, చూస్తాం."

స్వాగత పత్రం రాసే పని నాకిచ్చారు. ఏడో తరగతితో బడి మానేసినా, కమలాపురం లైబ్రరీలో నేను తెరవని బీరువా లేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి నేనేం సిగ్గుపడను. కుట్టుమిషను ఆపి బస్సెక్కి వెళ్ళి వెతికితే, సన్మాన పత్రాల నమూనాలున్న పుస్తకం దొరికింది. అందులో స్వాగతాలున్నాయి, వీడ్కోళ్ళూ ఉన్నాయి. వీడ్కోలు రాయమని నన్నెవరూ అడగలేదు.

రాసింది ముందు అమ్మగారికే చదివి వినిపించాను. పచ్చి సున్నం వాసనలో, కట్టిన మూటల మధ్య కూర్చుని విన్నారు.

"శుభాగమనం అంటే ఏం పాపా?"

"రావడమేనమ్మా. మంచి రావడం."

"మేం వచ్చిన్నాడు ఇయ్యన్నీ లేవులే." ఆమె నవ్వారు. "పలకలు కొడతాంటే ఒకటి చినిగిపాయ. మీ తాత పోయి ఇంగోటి తెచ్చేదాకా మమ్మల్ని ఎండలో నిలబెట్టినారు."

ఆ తర్వాత నవ్వలేదు.

ఆదివారం కొత్తవాళ్ళను బస్సు దిగిన చోటినుంచి పలకలతో తీసుకొచ్చారు. కొత్త అయ్యగారు వయసులో చిన్నవారే. ఆయన భార్య చంకలో నెలల బిడ్డ, మెడలో బంతిపూల దండ. బిడ్డ ఆ పూలు పీకుతున్నాడు. ఆమెను మొదటి వరసలో చాప మీద కూర్చోబెట్టాం. అమ్మగారు అందరికంటే ముందే వచ్చి, వెనక, చెప్పులు విడిచే వాకిలి పక్కన కూర్చున్నారు. నేను పత్రం చదివాను. చప్పట్లు కొట్టారు.

కానుకల పాట మొదలైంది. ఆడవాళ్ళు మూటలతో లేచారు. మొదటామె గంపలో బియ్యం పోసి, అలవాటు కొద్దీ అమ్మగారి కోసం చూసింది. చాప మీదున్న కొత్తామెను దాటుకుని, వెనక వాకిలి దాకా వచ్చి, "వందనాలమ్మా" అంది. రెండో ఆమె కూడా అంతే. మూడో ఆమె కూడా. ఎవరూ కావాలని చేసింది కాదు. వరస మొత్తం వాకిలివైపు తిరిగిపోయింది. కొత్తామె ఒక్కొక్కరు దగ్గరికి రాగానే నవ్వుతూ తలెత్తేది. వాళ్ళు దాటిపోయాక తల దించుకుని బిడ్డ టోపీ సర్దుకునేది.

అప్పుడు అమ్మగారు లేచి వరసలో నిలబడ్డారు. ఇన్నేళ్ళలో ఆమె గంపలో బియ్యం పోయడం మేమెవరమూ చూడలేదు. ఆమెది తీసుకునే ఇల్లు. పోసేది ఊళ్ళో తమ పొయ్యి తాము వెలిగించుకునేవాళ్ళు. కొంగు ముడి విప్పితే పిడికెడు బియ్యం. పోయిన వారం మేం పోసినవే, సన్నవీ లావువీ, మధ్యమధ్య పసుప్పచ్చగా కొర్రలు. ఇకమీదట తనూ ఊళ్ళో ఒక ఇల్లాలినేనని చూపి ఆ గది అడగడానికే ఆమె ఇంటినుంచి దాన్ని ముడేసుకొచ్చారని నాకు తెలిసిపోయింది. గంపలో పోసి, కొత్తామె ముందు ఆగారు.

"వందనాలమ్మా. ఈ బియ్యం శానాసేపు నానబెట్టాల. లేకుంటే సగం ముద్దయితాది, సగం పలుకుంటాది."

ఆమె వెనక వచ్చినవాళ్ళంతా కొత్తామె ముందే ఆగారు.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. "గది రేపే ఖాళీ చేయిస్తానమ్మా. చాపలు మా ఇంట్లో పడుంటాయి."

"వద్దప్పా. నువ్వన్నదే నిజం. చూస్తివి కదా. నేనీడుంటే ఆ పిల్ల ఎన్నేండ్లయినా చుట్టం మాదిరే ఉంటాది."

"జనం నాలుగు వారాల్లో అలవాటు పడతారులేమ్మా."

"నేను పడొద్దా?"

మర్నాడు నంద్యాల బస్సెక్కించాం. బయల్దేరే ముందు సమాధి దగ్గర చాలాసేపు కూర్చుంటారనుకున్నాం. పైన రాలిన చింతాకును కొంగుతో తుడిచి వచ్చేశారు.

ఈమధ్య చూడ్డానికి వెళ్ళాను. తమ్ముడి ఇంట్లో బాగానే చూసుకుంటున్నారు. మా ఇద్దరికీ అన్నం వడ్డించారు. తెల్లటి సోనా అన్నం, ఏ మెతుకుకు ఆ మెతుకు విడిగా ఉంది. అమ్మగారు కంచం ముట్టినట్టు లేదు.

"తినండమ్మా," అన్నాను.

"తింటాండా." మెతుకులు అటూ ఇటూ కదిలించారు. "ఈడ అంతా ఒకటే బియ్యం పాపా. నానబెట్టే పనే లేదు." కంచం కొంచెం పక్కకు జరిపారు. "ఆ పిల్లకు అన్నం కుదురుతాండాదా?"

మొన్న ఆదివారం కూడా కొత్తామె, సగం పలుకే ఉంటోందని నాతో చెప్పుకుంది.

కుదురుతోందనే చెప్పాను.